ఉత్త చుట్టు

ఆ వీధిలో కారున్న ప్రతివాళ్ల కారూ నడిపింది, తనకంటూ ఒక్క కారూ లేనిది ఎవరయ్యా అంటే చుట్ల పిన్నే. కొత్తగా వచ్చినవాళ్లు ఆ పేరు విని ఆవిడ చుట్టలు అమ్ముతుందేమో అనుకునేవారు. చుట్టలూ లేవు, పాడూ లేదు. మొగుడు కార్ల మేస్త్రి. ఆయన బాగుచేసే కార్లని వీధి చుట్టూ తిప్పి తెచ్చేది ఆవిడ. అంతే సంగతి.

మేస్త్రి షెడ్డు పిండిమరని ఆనుకుని ఉండేది. పిండి ఎగిరొచ్చి పానాల మీద తెల్లగా పేరుకునేది. అక్కడికి వచ్చేవన్నీ వయసు మళ్లిన కార్లు. వాటి జబ్బు కూడా ఒకటే, ముందు చక్రాల దగ్గర చప్పుడు. ఆ చప్పుడు పట్టుకోవడం అంత తేలికేం కాదు. షెడ్డులో నిలబెట్టి చూస్తే కారు కిమ్మనదు, పెళ్లిచూపుల్లో కూర్చున్నంత బుద్ధిగా ఉంటుంది. రోడ్డెక్కితే మొదలుపెడుతుంది. అందుకని నడుస్తున్నప్పుడే వినాలి. నడిపేవాడి చెవులు సగం రోడ్డుకే పోతాయి కాబట్టి నడిపేది ఒకరు, వినేది ఒకరు ఉండాలని మేస్త్రి సిద్ధాంతం. అందుకే పెళ్లయిన కొత్తలో పెళ్లాన్ని కూర్చోబెట్టి డ్రైవింగు నేర్పాడు. ఎంత ప్రేమో అని అందరూ మెచ్చుకున్నారు. ప్రేమా దోమా, పనికి మనిషి కావాలి.

దారి ఎప్పుడూ ఒకటే. మూతబడిన ప్రెస్సు ముందు పగిలిన రాళ్ల మీదుగా, బడి దగ్గర స్పీడు బ్రేకరు ఎక్కి దిగి, నీళ్ల ట్యాంకు పక్కన మలుపు తిరిగి, పార్కు గోడ వెంబడి మళ్లీ షెడ్డుకి. ఒకసారి ఆ రాళ్లు పెకలించి తారు వేస్తామని మనుషులొస్తే మేస్త్రి వాళ్ల కాళ్లావేళ్లా పడ్డాడు. "ఆ గుంతలు పూడ్చకండి బాబూ, నా బతుకంతా వాటిమీదే ఉంది" అన్నాడు. రోడ్డు బాగుచేయొద్దని బతిమాలేవాణ్ణి వాళ్లు పుట్టి బుద్ధెరిగి చూళ్లేదు. నవ్వుకుని వెళ్లిపోయారు.

రాళ్ల మీద దబ్బుమంటే చక్రాన్ని మోసే ఆర్ముకుండే రబ్బరు బుష్ పోయినట్టు. లొటలొటలాడితే లింకు రాడ్డు. బ్రేకరు దిగుతూ గొణిగితే షాకబ్జరు. పిన్ని చెప్పులు సీటు కిందకి తోసేసి వట్టి కాళ్లతో నడిపేది. పక్క సీట్లో మేస్త్రి ఓ పక్కకి ఒరిగి, తల వంచుకుని, కళ్లు అరమోడ్చి కూర్చునేవాడు. చూసేవాళ్లకి కునుకు తీస్తున్నట్టే ఉండేది. అందుకే ఆయన పేరు నిద్ర మేస్త్రి అయి కూర్చుంది. షెడ్డు రాగానే తలెత్తి "ఎడమ పక్క, కింది ఆర్ము, వెనక బుష్" అని దిగిపోయేవాడు. విప్పి చూస్తే అదే అయ్యుండేది.

పని అయ్యాక చివర్న ఇంకో చుట్టు ఉండేది, చప్పుడు పోయిందో లేదో రూఢి చేసుకోవడానికి. పోయే ఉంటుంది కనుక పిన్ని దానికి ఉత్త చుట్టు అని పేరు పెట్టుకుంది. పైకి అనేది కాదు, మనసులోనే. ఆవిడ బతుకులో అచ్చంగా ఆవిడదంటూ ఉన్నది ఆ కాసేపే.

కారంటే ఇనుమనుకుంటాం గానీ ప్రతి కారులోనూ ఎవరిదో ఒక ఇల్లు ఉంటుంది. ఒకదాంట్లో పాలు ఒలికిన వాసన, ఒకదాంట్లో తడి గొడుగు వాసన, ఇంకోదాంట్లో ఎవరో రోజూ తల ఆనించి ఆనించి నున్నబడిన సీటు. ఉత్త చుట్టులో పిన్ని చేతులు స్టీరింగు మీదే ఉండేవి, కాళ్లు వాటి పని అవి చేసుకునేవి, మనిషి మాత్రం వెళ్లిపోయేది. పార్కు గోడ అలా సాగి సాగి సముద్రపు గట్టు అయ్యేది. నీళ్ల ట్యాంకు మంచులో మసగ్గా కొండకోటలా కనిపించేది. వెనక సీట్లో పిల్లలు ఒకరి మీద ఒకరు వాలి నిద్రపోతుండేవారు. పిన్నికి పిల్లల్లేరు. ఆ మాట ఎవరూ ఎత్తరు, ఆవిడా ఎత్తదు. ఉత్త చుట్టులో మాత్రం ఒక్కోసారి ఇద్దరుండేవారు, ఒక్కోసారి ముగ్గురు. షెడ్డు గేటు కనబడగానే అందరూ దిగిపోయేవారు.

ఇక ఆవిడకి మొగుడి మీద ఉన్న కోపం సంగతి. అది చిన్న కోపమేం కాదు. రెండేళ్లుగా లోపల కుంపటిలా రాజుకుంటూనే ఉంది. ఇంట్లో పిలిస్తే ఆయన పలకడం మానేశాడు. వంటింట్లోంచి ఏదైనా అడిగితే జవాబుండదు. కుక్కరు కూతపెట్టి కూతపెట్టి మాడిపోతున్నా కుర్చీలోంచి లేవడు. చెల్లెలు సంసారం విడిచి వచ్చేస్తానని ఫోన్లో ఏడ్చిన రోజున, పిన్ని ఆ మాట చెప్పుకుని గిన్నెలు తోముతూనే కళ్లు తుడుచుకుంది. ఈయన వెనకాల కూర్చుని ఊఁ అని కూడా అనకుండా పేపరు తిప్పాడు. అదే మనిషి కారెక్కితే చీమ చిటుక్కుమన్నా పట్టేస్తాడు. ఒళ్లు మండదూ మరి? "మా ఆయనకి నట్టు మాట వినబడుతుందే, నా మాట వినబడదు" అని చెల్లెలితో చెప్పి ఊరుకుంది. ఆ తర్వాత ఇంట్లో మాట్లాడటమే తగ్గించేసింది. చెప్పాలనుకున్నవన్నీ మింగేసి కార్లో సముద్రం దగ్గరికి వెళ్లిపోయేది.

అలా ఉండగా పురుళ్లు పోసే నర్సమ్మ కారు వచ్చింది. అది ఎన్ని చేతులు మారిందో ఎవరికీ తెలీదు. నర్సమ్మ దాన్ని వేసుకుని కొండ మీద రాళ్లు కొట్టేవాళ్ల ఇళ్లకి కూడా ఎక్కేది. ముందు పక్క దబదబలాడుతోందని తెచ్చి ఒదిలింది. చుట్టు తిరిగొచ్చి మేస్త్రి బుష్ అన్నాడు, మార్చాడు, పొద్దెక్కేసరికి పని అయింది. నర్సమ్మ గేటు దగ్గర సంచితో నిలబడి ఉంది. మొగుడు పక్కన ఎక్కాక పిన్ని ఉత్త చుట్టుకి బయల్దేరింది.

ఆ కారులో సబ్బూ స్పిరిట్టూ కలిసిన వాసన. వెనక సీటు మీద ఉతికి మడతపెట్టిన తెల్ల గుడ్డలు. ఇంకేం, ప్రెస్సు దాటేలోపే పిన్ని కొండెక్కేసింది. పైన ఒకటే ఇల్లు, కిటికీలో దీపం. తను కారు దిగి మెట్లెక్కుతుంటే లోపల గడియ టిక్కుమని తీశారు. తలుపు తెరుచుకుంది. "వచ్చారా, మీకోసమే చూస్తున్నాం" అన్నారెవరో. తనకోసం అలా ఎవరైనా చూడటం పిన్నికి కొత్త. ఆ మాట ఎంత తియ్యగా ఉందంటే, కారు షెడ్డు ముందుకొచ్చి ఆగేదాకా ఆవిడకి ఒంటిమీద తెలివి లేదు. అప్పటికే మేస్త్రి దిగి "శుభ్రంగా ఉంది నర్సమ్మా, తీసుకెళ్లు" అంటున్నాడు. నర్సమ్మ నేరుగా కొండ దారి పట్టింది.

మధ్యాహ్నం దర్జీ కారు వచ్చింది. అది కారు కాదు, బొత్తాల డబ్బా. సీటు సందుల్లో, తలుపు అరల్లో, ఎక్కడ చెయ్యి పెట్టినా బొత్తాలే. పిన్ని సీటు తుడుస్తుంటే ఒకటి జారి తలుపు రేకుకి తగిలి టిక్కుమంది.

ఆవిడ చెయ్యి ఆగిపోయింది. ఇది ఇవాళ విన్న చప్పుడే. ఎక్కడ? కొండ మీది ఇంట్లో, గడియ తీసినప్పుడు. లేని ఇంటికి గడియేమిటి, ఆ గడియకి చప్పుడేమిటి? పిన్ని మళ్లీ కళ్లు మూసుకుని ఆ దారి వెంట వెళ్లింది. మెట్లెక్కుతున్నప్పుడు సీట్లో ఒళ్లు ఓ పక్కకి ఒరిగింది. అంటే ట్యాంకు మలుపు. కారు బరువంతా ఒక చక్రం మీదకి వాలిన క్షణం. ఒక్కసారే, సన్నగా, టిక్.

అది దేని చప్పుడో మేస్త్రి పెళ్లానికి ఒకరు చెప్పక్కర్లేదు. బాల్ జాయింటు. చక్రాన్ని ఆర్ముకి పట్టి ఉంచే ఇనపగుండు. బుష్ దబదబల కింద ఇన్నాళ్లూ దాక్కుంది, బుష్ మార్చగానే బయటపడింది. మిగతా చప్పుళ్లు విసిగించి ఊరుకుంటాయి. ఈ గుండు ఊడితే మాత్రం చక్రం కాలు మడతపడ్డట్టు పక్కకి పడిపోతుంది, కారు ఎటు పోతుందో దేవుడికే తెలియాలి. నర్సమ్మ కొండ ఎక్కింది. ఇంకాసేపట్లో బ్రేకు మీద కాలేసి, ఒక పక్క లోయ పెట్టుకుని, మలుపు మలుపుకీ ఒరుగుతూ దిగాలి.

పిన్ని గుడ్డతోనే మొగుడి వైపు రెండడుగులు వేసింది. వెంటనే అనుమానమూ వచ్చింది. అంత చెవులున్న మనిషి పక్కనే ఉండి శుభ్రంగా ఉందన్నాడే, కలగంటున్న దానికి వినబడింది ఆయనకి వినబడలేదా? పైగా ఇది చెప్పాలంటే స్టీరింగు పట్టుకుని తనెక్కడికి వెళ్లిందో అదీ చెప్పాలి. తుడిచే గుడ్డ చేతిలో నలుపుతూ కాసేపు అలాగే నిలబడింది. షెడ్డు రేకుల పైనుంచి కొండ కనిపిస్తోంది, మామూలుగా, నీలంగా. ఇక ఆగలేకపోయింది. చేతులు కడుక్కుంటున్న మొగుడి ఎదురుగా వెళ్లి నిలబడింది.

"ఏవండీ, నర్సమ్మ కారులో చప్పుడుంది. మలుపులో టిక్కుమంది. నేను విన్నాను."

మేస్త్రి ఆవిడ మొహంకేసే చూశాడు. నీళ్లు వేళ్ల మీంచి కారిపోతున్నాయి.

"నీ కాలు కదల్లేదే" అన్నాడు.

ఆ మాటకి అర్థమేమిటో అడిగే తీరిక లేదు. నర్సమ్మకి ఫోను చేస్తే మోగి మోగి ఆగిపోయింది. పురిటింట్లో ఆవిడ ఫోను సంచిలోంచి తీయదు. మేస్త్రి జాకీ, గునపం పట్టుకొచ్చి దర్జీ కారులో పడేశాడు. పక్కన బల్ల మీద కూర్చున్న దర్జీ లేచి నిలబడ్డాడు.

"ఇదెక్కడి న్యాయం మేస్త్రీ, నా బండి కూడా చప్పుడే కదా?"

"నీది లింకు రాడ్డు. వాగుతుంది గానీ ప్రాణం తీయదు. కూర్చో" అన్నాడు మేస్త్రి.

ట్యాంకు దగ్గర ఎన్నో ఏళ్లుగా అలవాటుగా తిరిగే చెయ్యి ఆవేళ తిరగలేదు. పిన్ని కారుని తిన్నగా పోనిచ్చింది. వీధి అయిపోయింది, ఇళ్లు పలచబడ్డాయి, ఎర్ర దుమ్ము మొదలైంది. కలలో వంద సార్లు దాటిన చోటు ఇదేనా అనిపించింది. ఎండ వాలి, దుమ్ములో వెలుతురు కదలకుండా నిలబడి ఉంది. గాలి లేదు. సీట్ల సందుల్లో బొత్తాలు గలగలమంటున్నాయి. ఇదీ కలేనేమో, ఇప్పుడు షెడ్డు గేటు వస్తుందేమో అనుకుంది. రాలేదు. రోడ్డు పైకే పోతోంది.

"నా కాలు కదలకపోవడం ఏమిటి?" అంది.

పలకలేదు. ఆవిడకి చర్రుమంది. మొహం ఆయనవైపు తిప్పి మళ్లీ గట్టిగా అడిగింది. ఈసారి ఆయన చెప్పాడు.

"నాకు వినబడటం లేదే. రెండేళ్లయింది. ముందు సన్న చప్పుళ్లు పోయాయి, తర్వాత తక్కినవి. ఎదురుగా మాట్లాడితే పెదాలు చూసి పోల్చుకుంటా, దగ్గర్లో అరిస్తే లీలగా తెలుస్తుంది. కారులో నేను వినేది నిన్ను. చప్పుడు రాగానే నీ బొటనవేలు లేస్తుంది. దబ్బుమంటే పాదమంతా బిగుస్తుంది. లొటలొటకి వేళ్లు మాత్రం ఆడతాయి. ఎటు పక్కనుంచి వస్తే ఆ భుజం ఎత్తుతావు. నీకు తెలీదు, నువ్వు చిన్నప్పట్నుంచీ అంతేనేమో. నీ కాళ్లు చూసి చెప్పేవాణ్ణి. ఇవాళ కదల్లేదు. బాగుందనుకున్నా."

పిన్నికి ముందు కోపమే వచ్చింది, రెండేళ్లు దొంగచాటుగా తన కాళ్లు చూస్తూ కూర్చున్నాడని. అరమోడ్పు కళ్లు ఎటు చూస్తున్నాయో ఒక్కనాడూ తనకి తట్టలేదు. ఆ కోపం వెనకాలే ఇంకోటి వచ్చింది.

"మరి మా చెల్లెలి సంగతి? ఆ రోజు అంత చెప్పి ఏడిస్తే పేపరు తిప్పారే?"

"ఏం సంగతి?" అన్నాడు మేస్త్రి.

మలుపొచ్చింది, తిరిగింది. ఇంకో మలుపు. కళ్లకి నీళ్లు అడ్డొస్తుంటే పిన్ని మోచేత్తో తుడుచుకుంది.

"చెప్పొచ్చుగా నాకు?"

"చెవులు పోయిన మేస్త్రి దగ్గరికి ఎవరొస్తారే? నీకు చెబితే నువ్వు జాలిపడతావు, జాలిపడితే ఊరికే కాళ్లు కదుపుతావు." ఆవిడ పెదాలకేసి చూస్తూ అన్నాడు, "ఇంట్లో నీ గొంతు కూడా పోయింది. ఇదివరకు లీలగా వినబడేది. ఈ మధ్య అసలు లేదు. ఇక పూర్తిగా పోయాయనుకున్నా."

అది చెవులు పోవడం కాదు, తను మాట్లాడటం మానేయడం. ఆ సంగతి ఆయనకి తెలియదు. పిన్ని చెప్పబోయింది. మలుపు మీద మలుపు, మొహం ఆయనవైపు తిప్పే వీల్లేదు. కాళ్లు మాత్రం ఆయనకి కనబడేలా కాస్త ఇటు పెట్టి నడిపింది.

రాళ్లు కొట్టేవాళ్ల ఇళ్లు వచ్చాయి. ఓ ఇంటి ముందు వాలులో నర్సమ్మ కారు ఉంది. ఆవిడ సంచి వెనక సీట్లో పెట్టి, తాళంచెవి చేతిలో పట్టుకుని, తలుపు తీస్తోంది. లోపల పసిపిల్ల ఏడుపు.

"ఏంటి పిన్నీ, ఇద్దరూ కలిసి షికారా?" అంది నర్సమ్మ.

"తాళం ఇటివ్వు" అన్నాడు మేస్త్రి.

చక్రాల కింద రాళ్లు అడ్డుపెట్టి, జాకీని సరిగ్గా కింది ఆర్ము కిందకి తోశాడు. పొద్దున బుష్ కోసమని కారుని నడుము దగ్గర ఎత్తాడు. అలా ఎత్తితే చక్రం వేలాడుతుంది, స్ప్రింగు ఆ గుండుని బిగబట్టి ఉంచుతుంది, ఎంత ఊపినా వదులు తెలీదు. ఆ సంగతి ఆయనకి కరతలామలకం. అయినా పొద్దున ఆర్ము కింద ఎత్తి చూడలేదు, పిన్ని కాలు కదల్లేదు కదా అని. ఇప్పుడు టైరు కింద గునపం దూర్చి పైకి లేపాడు. చక్రం లేచింది. లేవాల్సిన దానికన్నా గోరంత ఎక్కువ లేచింది. టిక్.

మేస్త్రి చక్రం వైపు చూడలేదు. తల తిప్పి పిన్ని కాళ్లకేసి చూశాడు. బొటనవేలు లేచి ఉంది.

నర్సమ్మ విషయం తెలిశాక అక్కడే బండ మీద కూలబడింది. "ఇప్పుడే దిగబోతున్నా" అని మాత్రం అంది, రెండుసార్లు.

ఈలోపు ఆ ఇంటి ముసలావిడ తలుపు తీసి బయటికొచ్చింది. పిన్ని ఉన్నచోటే ఆగి చూసింది. మీకోసమే చూస్తున్నాం అంటుందేమోనని. ముసలావిడ పిన్నిని కిందనుంచి పైదాకా చూసి "కాళ్లు కడుక్కుని రా, పసిగుడ్డుంది" అంది. పిన్నికి నవ్వొచ్చింది. కాళ్లు కడుక్కునే వెళ్లింది. పసిదాన్ని ఒళ్లో పెట్టారు. బరువే లేదు. ఎంతసేపు కూర్చుందో ఆవిడకి గుర్తులేదు. నర్సమ్మ వచ్చి భుజం తట్టాక లేచింది.

దిగేటప్పుడు ముగ్గురూ దర్జీ కారులోనే దిగారు. నర్సమ్మ వెనక సీట్లో బొత్తాల మధ్య నిద్రపోయింది. దారంతా పిన్ని మాట్లాడుతూనే ఉంది. చెల్లెలి సంగతి చెప్పింది. ఎందుకు మాట్లాడటం మానేసిందో చెప్పింది. ఉత్త చుట్టు గురించీ, సముద్రం గురించీ, వెనక సీటు గురించీ కూడా చెప్పేసింది, సిగ్గుపడుతూనే, అరుస్తూనే. మేస్త్రి ఆవిడ పెదాల మీంచి చూపు తిప్పలేదు.

మర్నాడు ఆయన పైకెళ్లి బాల్ జాయింటు మార్చి కారు కిందికి తెచ్చాడు. చెవుల సంగతి ఇక దాచలేదు. కొందరు వేరే షెడ్డు చూసుకున్నారు. పోనీ, వాళ్ల ఖర్మ. మిగతావాళ్లు మామూలుగానే వచ్చారు. ఇప్పుడు పిన్ని నడుపుతూ "ఎడమ పక్క, లొటలొట" అని పైకే అరుస్తుంది. వీధి వీధంతా ఎవరి కారుకి ఏ జబ్బో తెలిసిపోతోంది.

నర్సమ్మ కారు కిందికొచ్చిన రోజే పిన్ని దానితో ఉత్త చుట్టు తిరిగింది. రాళ్లు, బ్రేకరు, ట్యాంకు మలుపు. మలుపు దగ్గర ఊపిరి బిగబట్టింది. ఎక్కడికీ వెళ్లలేదు, కారులోనే ఉంది. "ఏమీ లేదు" అని అరిచింది. షెడ్డు గేటు దగ్గర స్టీరింగు తిప్పబోతుంటే మేస్త్రి చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఇంకో చుట్టు పోనీ."

"ఎందుకు? చప్పుడు లేదుగా."

"అది కారుకి. ఇది నీకు."

సీట్లో వెనక్కి వాలి ఈసారి నిజంగానే కళ్లు మూసుకున్నాడు. పిన్ని గేటు దాటి పోనిచ్చింది. ప్రెస్సు పోయింది, బడి పోయింది. ఎండ చల్లబడింది. పార్కు గోడ మెల్లగా సాగడం మొదలుపెట్టింది.

"ఎక్కడిదాకా వచ్చాం?" అన్నాడు మేస్త్రి కళ్లు తెరవకుండా.

పిన్ని అటూ ఇటూ చూసింది. పార్కు దగ్గర జనం ఉన్నారు. ఉంటే ఉన్నారు.

"సముద్రం కనబడుతోంది" అని ఆయనకి వినబడేంత గట్టిగా అరిచింది. "వెనకాల పిల్లలు నిద్రపోయారు."

"అయితే మెల్లగా పోనీ" అన్నాడు మేస్త్రి. "లేస్తారు."